కథా మీదే, బొమ్మా మీదే అయితే

పిల్లల పుస్తకాలకు కథా తామే రాసి, బొమ్మలూ తామే వేయాలనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది, బొమ్మలేయడానికి ఏ ట్యాబ్ కొనమంటారు అని. ట్యాబ్ సంగతి తర్వాత. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకు మడిచి పిన్ కొట్టండి. పదహారు పేజీలొచ్చాయి కదా, అదే డమ్మీ, అంటే నమూనా పుస్తకం. పేరుకొకటి, ప్రచురణ వివరాలకొకటి పోతే కథకు మిగిలేది 14. ప్రెస్సులో పెద్ద షీటు మీద ఒకేసారి చాలా పేజీలు అచ్చువేసి, ఫారం లెక్కన మడుస్తారు కాబట్టి 16, 24, 32 పేజీల్లోనే ఆలోచించండి. 19 పేజీల కథ పట్టుకెళ్తే ప్రెస్సాయన మొహం చూడలేం.

డమ్మీలో పెన్సిల్‌తో పుల్లల మనుషులు చాలు. ఆ దశలోనే కథను కోసేయండి. రాతా బొమ్మా రెండూ మన చేతిలోనే ఉన్నందుకు లాభమంతా ఇక్కడే. ‘ముసలమ్మ ఎర్రచీర కట్టుకుని, చంకలో బుట్ట పెట్టుకుని సంతకు బయల్దేరింది’ అని రాశారనుకోండి. చీరా బుట్టా బొమ్మలో కనిపిస్తూనే ఉన్నాయి, మళ్లీ చెప్పడం దేనికి? ‘ముసలమ్మ సంతకు బయల్దేరింది. బుట్టలో ఏముందో ఎవరికీ చెప్పలేదు’ అని ఆపి, బుట్ట మీది గుడ్డ కిందనుంచి చిన్న తోక బయటికి వేయండి. పిల్లలు ఆ తోక పట్టుకునే పేజీ తిప్పుతారు. మాటల మీద మమకారం ఉన్న రచయితలకు ఈ కోత కష్టంగానే ఉంటుంది.

అక్షరాలకు చోటు బొమ్మ వేసేటప్పుడే వదలాలి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్లకు ఇది తట్టదు. మన లిపి నిలువునా చోటు తింటుంది: పైన గుడులు, కింద వత్తులు. లైన్ల మధ్య ఖాళీ ఇవ్వకపోతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. కొత్తగా చదివే పిల్లలకైతే అక్షరాల సైజు నేను 18 పాయింట్లకు తగ్గించను. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. మీరు యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగులో) పంపింది వాటిలోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోవచ్చు, ప్రూఫు మీరే చూడండి.

పంపడానికి సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం, చెన్నైలో తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణ సంస్థలు ఉన్నాయి. ముందు వాళ్ల పుస్తకాలు నాలుగైనా చదవండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. అక్కడ కథలుండేది క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద. మీ పేరు వేసి ఎవరైనా అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. పేరు నలుగురికీ తెలియడానికి మంచిదే, బియ్యం కొనడానికి కాదు.

ఇక డబ్బు. ఫోన్‌లో ‘చూసుకుందాంలెండి’ అంటే పని మొదలుపెట్టకండి. స్కెచ్‌లు ఒప్పుకోగానే ఎంత, ఫైనల్ ఇచ్చాక ఎంత, ఎన్నిసార్లు మార్పులు చేయాలి, మళ్లీ అచ్చు వేస్తే ఏమిస్తారు అన్నీ కాగితం మీద ఉండాలి. హక్కులు రాసివ్వడమంటే రాతపూర్వకంగా, సంతకంతోనే చెల్లుతుందని 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే అని లెక్క. నా బొమ్మల్ని ఒకాయన నాకు తెలియకుండా వర్క్‌బుక్ అట్టలకెక్కించి, అడిగితే ‘అప్పుడే డబ్బులిచ్చేశాంగా’ అన్నాడు. నాలుగు లైన్ల ఒప్పందం బయటికి తీశాక గొంతు మారింది.

సొంతంగా అచ్చు వేసుకునేవాళ్లకు ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) ఉచితంగానే ఇస్తారు, అందుకు ఏజెంట్లకు డబ్బు కట్టొద్దు. మొదట తక్కువ కాపీలే వేయించి, డిసెంబర్లో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఎవరి స్టాల్లోనైనా పెట్టించండి. ఒరిజినల్ బొమ్మలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. 600 డీపీఐలో స్కాన్ చేయించి ఆ ఫైలే పంపండి.