గెడ్డ అవతల ఇల్లు: పంచాయతీ పన్ను, కుళాయి, వీధి లైటు లెక్కలు సరిచేసుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పంచాయతీ ఆఫీసు ఒక ఊళ్లో ఉంటుంది. దాని కిందున్న శివారు ఊళ్లు గెడ్డ (వాగు) అవతలో, ఉప్పుటేరు పక్కనో ఉంటాయి. గట్టి వాన పడి గెడ్డ పొంగిందంటే అవి దీవులే. ఇలాంటి ఊళ్లో ఇల్లుండి, మనుషులు విశాఖలోనో చెన్నైలోనో పోర్ట్ బ్లెయిర్‌ (ఇప్పటి శ్రీ విజయపురం)లోనో ఉంటే పన్ను సంగతి సంక్రాంతికి గాని గుర్తు రాదు. తీరా భోగి నాడు గ్రామ సచివాలయానికి వెళ్తే తాళం కనిపిస్తుంది. పంచాయతీ పనులున్నవాళ్లు భోగికి మూడు పనిదినాల ముందే ఊళ్లో దిగాలి.

పన్ను కట్టేయడం చిన్న పని. పంచాయతీ పన్ను పుస్తకంలో (దాన్నే డిమాండ్ రిజిస్టరు అంటారు) మీ ఇంటి గురించి ఏం రాసి ఉందో చూసుకోవడం అసలు పని. నూటికి తొంభై మంది ఇది చూడరు. రశీదు మీద ఉన్న అంకె కట్టి వచ్చేస్తారు.

ముందు చూడాల్సింది డిమాండ్ రిజిస్టరు

"కార్యదర్శి గారూ, మా ఇంటి అసెస్‌మెంట్ పేజీ ఒకసారి చూపించండి" అని అడగండి. పాత రశీదు ఉంటే తీసుకెళ్లండి, దాని మీద అసెస్‌మెంట్ నంబరు, అంటే మీ ఇంటి పన్ను లెక్క నంబరు ఉంటుంది. అది లేకపోతే యజమాని పేరు, వీధి, పక్కింటి వాళ్ల పేర్లు చెప్పి వెతికించాలి. పేజీ దొరికాక అయిదు సంగతులు చూడండి: యజమాని పేరు, డోర్ నంబరు, ఇంటి రకం, కొలతలు, పాత బాకీ.

తప్పులు ఎక్కువగా ఇంటి రకం దగ్గరే దొరుకుతాయి. పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేసుకుంటే కొత్త ఇంటికి కొత్త నంబరు పడుతుంది, పాత పెంకుటిల్లు పుస్తకంలో అలాగే ఉండిపోతుంది. ఒకే స్థలానికి రెండు పన్నులు నడుస్తాయి. వలస వెళ్లినవాళ్లకు రెండో నంబరు ఉందనే తెలియదు, ఆరేడేళ్ల బాకీ పేరుకున్నాక నోటీసు వస్తుంది. పాత ఇల్లు లేదని ఒక అర్జీ రాసి, స్థలం ఫోటో పెట్టి, కార్యదర్శి వచ్చి చూశాక ఆ నంబరు తీసేయించాలి. తీసేసినట్టు రిజిస్టరులో రాసేదాకా ఆ పని అయినట్టు కాదు.

కొలతలు మీరే తీసుకోండి. బయటి గోడ నుంచి బయటి గోడకు టేపు పట్టాలి. 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు ఇల్లయితే 720 చదరపు అడుగులు. అంటే 80 చదరపు గజాలు, దాదాపు 67 చదరపు మీటర్లు. పుస్తకంలో 800 అని ఉంటే అది ఏ లెక్కలో రాశారో అడగండి. స్థలం కొలతను ఇంటి కొలతగా ఎక్కించడం మామూలుగా జరిగే పొరపాటు. సెంటంటే 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. మూడు సెంట్ల స్థలం దాదాపు 1,307 అడుగులు వస్తుంది. మీ ఇంటి కింద 1,300 దగ్గర అంకె కనిపిస్తే ఎక్కడిదో ఇక చెప్పక్కర్లేదు.

రిజిస్టరు చూపించడానికి ఎవరైనా నసిగితే గొడవ పడకండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ పేజీ నకలు కావాలని తెల్లకాగితం మీద రాసివ్వండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. చాలాసార్లు కాగితం చేతిలో పెట్టగానే రిజిస్టరు బయటికొస్తుంది.

నోటీసులో అంకె ఎలా కూడుతుంది

1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇంటి పన్నును ఏటా వచ్చే అద్దె విలువ మీద గాని, ఇంటి మూలధన విలువ మీద గాని వేస్తారు. ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. పన్ను మీద గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు. దాని పక్కన నీటి పన్ను, లైటు పన్ను, మురుగు కాల్వ పన్ను పంచాయతీని బట్టి ఉంటాయి.

ఇంటి పన్ను 900 అనుకుందాం. సెస్సు 72. కుళాయికి నెలకు 30 చొప్పున ఏడాదికి 360. మొత్తం 1,332. సెస్సు ఇంటి పన్ను మీద మాత్రమే పడాలి. నీటి డబ్బులు కూడా కలిపి 1,260 మీద లెక్క వేస్తే 100 రూపాయల 80 పైసలు వస్తుంది. తేడా పాతిక ముప్పై రూపాయలే, కానీ వీధిలో నలభై ఇళ్లకు అదే జరిగితే అడగాల్సిందే.

కట్టేటప్పుడు ఆ డబ్బు ఏ ఏడాది ఖాతాలో పడిందో రశీదులో చూడండి. మీరు ఈ ఏడాదికని ఇస్తే, అది పాత బాకీలో జమ అయిపోయి ఈ ఏడాది మళ్లీ బాకీగా కనిపించడం మామూలే. స్వర్ణ పంచాయతీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కట్టే వీలుంది, దూరాన ఉన్నవాళ్లకు అదే సుఖం. అక్కడ కనిపించే బాకీకి, చేతిలో ఉన్న పాత రశీదులకు పొంతన లేకపోతే మాత్రం ముందు కట్టేయకండి. పాత రశీదుల ఫోటోలు కార్యదర్శికి చూపించి లెక్క సరిచేయించాక కట్టండి. ఎవరి చేతికైనా నగదు ఇస్తే రశీదు అప్పుడే తీసుకోవాలి. "మళ్లీ పంపిస్తాను బాబూ" అన్న రశీదు తిరిగి రావడం అరుదు.

పన్ను ఎక్కువ వేశారనిపిస్తే నోటీసు అందిన తేదీని దాని మీదే పెన్నుతో రాసుకోండి. అభ్యంతరం గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది. అభ్యంతరం రాతలో ఇవ్వాలి, మీ కొలతల స్కెచ్ జత చేయాలి. కార్యదర్శి దగ్గర తేలకపోతే మండల స్థాయి, ఆ పైన డివిజనల్ పంచాయతీ అధికారి, ఆపైన జిల్లా పంచాయతీ అధికారి. మెట్టు దాటేసి పైకి వెళ్తే కాగితం తిరిగి కిందికే వస్తుంది.

పేరు మార్పు

నాన్న పోయి పదేళ్లయినా రశీదు ఆయన పేరు మీదే వచ్చే ఇళ్లు ప్రతి వీధిలో ఉంటాయి. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, పంపకాల దస్తావేజు గాని మిగతా వారసుల ఒప్పుదల గాని, ఆధార్, చివరి రశీదు పెట్టి అర్జీ ఇవ్వాలి. అప్పచెల్లెళ్ల సంతకం లేకుండా అన్నదమ్ములు మాత్రమే సంతకాలు చేసి ఇస్తే అక్కడే ఆగిపోతుంది, ఆగాలి కూడా. కొన్న ఇల్లయితే రిజిస్టర్డ్ దస్తావేజు, దాని లింకు దస్తావేజు (ముందటి యజమాని దస్తావేజు), ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) చాలు.

పన్ను రశీదు మీ పేరు మీద ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు. హక్కుకు దస్తావేజే ఆధారం. కానీ గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల స్థలాల్లో) దస్తావేజులు లేని పాత ఇళ్లకు ఏళ్ల తరబడి వరస తప్పని రశీదులు మంచి తోడు. స్వామిత్వ పథకంలో డ్రోన్లతో గ్రామకంఠాలు కొలుస్తున్నప్పుడు యజమాని ఊళ్లో లేకపోతే పెరటి హద్దు పక్కవాళ్లు చూపించినట్టే పడుతుంది. సర్వే నోటీసు వచ్చిందని ఎవరు చెప్పినా పనులు మానుకుని రండి. మూలలకు రాళ్లు పాతి, సున్నం కొట్టి ఉంచండి.

ఇంకో చిక్కు జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత కాగితాలు చూసి శ్రీకాకుళం కలెక్టరేటుకు అర్జీ పట్టుకెళ్తే రోజు కూలి, బస్సు ఛార్జీ రెండూ పోతాయి.

కుళాయి: ఎవరిని అడగాలి

ముందు పక్కింట్లో చూడండి. పక్కింటికి వస్తూ మీ ఇంటికే రాకపోతే మీ గొట్టంలోనే అడ్డు ఉంది. మెయిన్ పైపు దగ్గర కనెక్షన్ పెట్టే ఫెర్రూలులో తుప్పో ఇసుకో పట్టి ఉంటుంది. అది విప్పి శుభ్రం చేయడం ప్లంబరుకు అరగంట పని. వీధి చివర ఇళ్లకే రాకపోతే మధ్యలో ఎవరో పైపుకు నేరుగా మోటారు తగిలించారని అర్థం. మోటారు నడిచే వేళ చూసి ఫోటో తీయండి, పంచాయతీలో చెప్పండి. ట్యాంకే నిండకపోతే అది కొన్నిచోట్ల పంచాయతీ చేతిలో ఉండదు. ఉద్దానంలో హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లొచ్చే ఊళ్లలో అది గ్రామీణ నీటి సరఫరా విభాగం సంగతి. ఆ కాగితం వాళ్లకే రాయాలి.

కుళాయి తిప్పగానే బురద నీళ్లు వస్తే దానికి కారణం ఉంది. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది, కాలువ పక్కనున్న లీకు నుంచి మురుగు లోపలికి లాక్కుంటుంది. మొదటి అయిదు నిమిషాల నీళ్లు వదిలేయడం ఊరట మాత్రమే, లీకు కట్టించడమే మందు. కుళాయి చివర నీళ్లలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. నీళ్లలో కరిగిన లవణాల మొత్తం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. అర్జీలో "నీళ్లు సరిగా రావడం లేదు" అని రాయకండి. "నలుగురున్న ఇంటికి రోజుకు 220 లీటర్లు రావాలి, ఆరు బిందెలు వస్తున్నాయి, బిందెకు 15 లీటర్ల చొప్పున 90" అని రాయండి. అంకె ఉన్న కాగితానికి జవాబు రాయక తప్పదు.

గెడ్డ పొంగి నుయ్యి మునిగితే బ్లీచింగ్ వేయాలి. నూతి అడ్డు కొలత మీటర్లలో, నీటి లోతు మీటర్లలో తీసుకోండి. అడ్డును అడ్డుతో, తర్వాత లోతుతో, తర్వాత 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల నూతిలో మూడు మీటర్ల నీరుంటే 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, అంటే మొత్తం 24 గ్రాములు. నీళ్లు మరీ మడ్డిగా ఉంటే ఇంకాస్త పడుతుంది. పొడిని నేరుగా నూతిలో పోయకూడదు. బకెట్టులో కలిపి పదినిమిషాలు ఆగండి, సున్నం అడుక్కి దిగుతుంది. పైనున్న తేట నీళ్లే బకెట్టుతో నూతిలో దించి పైకీ కిందికీ ఆడించాలి. గంట తర్వాత వాడుకోవచ్చు. తెరిచి ఉంచిన సంచిలోని పౌడరుకు బలం పోతుంది, ఘాటు లేకపోతే పారేయండి.

వీధి లైటు

ఒక్క స్తంభం మీదే వెలగకపోతే బల్బో హోల్డరో పోయింది, అది పంచాయతీ మారుస్తుంది. వరస మొత్తం చీకటైతే లైట్ల ఫ్యూజు గాని, టైమరు స్విచ్చి గాని, వైరు గాని. వైరు తెగినా స్తంభం ఒరిగినా తూర్పు ప్రాంత విద్యుత్ సంస్థకు 1912కి చేయాలి. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు చెప్పండి. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరు 11 తర్వాత లైన్‌మెన్‌లు బయటి జిల్లాల నుంచి వచ్చారు. "రామాలయం వెనక స్తంభం" అంటే అలాంటివాళ్లకు ఏం తెలుస్తుంది?

అర్జీ ఎక్కడ పెట్టాలి

ఒక కాగితంలో ఒకే సమస్య. నీళ్లు, లైటు, కాలువ, రోడ్డు అన్నీ కలిపి రాస్తే అది నాలుగు శాఖల మధ్య తిరిగి ఎవరి దగ్గరా ఆగదు. అసెస్‌మెంట్ నంబరు, పన్ను కట్టిన తేదీ పైనే రాయండి. సచివాలయంలో ఇచ్చి నంబరున్న రశీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పెట్టండి, 1100కి ఫోను చేసి కూడా నమోదు చేయించుకోవచ్చు. పని కాకుండానే "పరిష్కరించబడింది" అని సందేశం వస్తే ఊరుకోకండి. ఆ రోజు తేదీ కనిపించేలా ఫోటో తీసి మళ్లీ తెరిపించండి.

నిధులు లేవన్న మాట వింటే ఈ-గ్రామ్‌స్వరాజ్‌ వెబ్‌సైటులో మీ పంచాయతీ ఖర్చు చూడండి. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ చెరి సగం కేటాయించాలన్నది నియమం. ఆ 60 శాతంతో ఏ పని చేశారో, ఎంత అయిందో అక్కడ పేరు పేరునా ఉంటుంది. గ్రామసభలో ఆ కాగితం పట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి చాలు. శివారు ఊరికి ఏం చేశారన్నది తీర్మానాల పుస్తకంలో మీ ప్రశ్నతో సహా ఎక్కాలి. నోటిమాటగా వదిలేస్తే అది సభతోనే పోతుంది.

తాళం వేసి వెళ్లేముందు కుళాయి వాల్వు కట్టేయండి, మెయిన్ స్విచ్చి ఆపేయండి. రశీదుల జిరాక్సులు, అసెస్‌మెంట్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు ఒక కాగితం మీద రాసి పక్కింటి పిన్నికో బాబాయికో ఇవ్వండి. ఒరిజినల్స్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, తుపానులో పెంకులు ఎగిరిపోతే బీరువాలో కాగితాలు కూడా తడిసిపోతాయి.