తక్కువ ధర విద్యుత్ బండి: కొనే ముందు, ఎక్కే ముందు

▪ రోజూ ఆఫీసుకు రానుపోను ఎంత దూరమో లెక్కేసుకోండి. ఒక్క చార్జింగుకు దానికి రెట్టింపు వెళ్తుందని చెప్పే బండినే చూడండి. వెనక మనిషి కూర్చున్నా, ఫ్లైఓవర్ ఎక్కినా, బ్యాటరీ పాతబడినా ఆ అంకె కరిగిపోతుంది.

▪ మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకపోతే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "వేగం పెంచి ఇస్తాం" అంటే ఒప్పుకోకండి. మినహాయింపు పోతుంది, ఆ వేగాన్ని బ్రేకులు ఆపలేవు. హెల్మెట్ ఎలాగూ పెట్టుకోవాలి.

▪ బ్యాటరీకి ఏఐఎస్-156 (విద్యుత్ బండ్ల బ్యాటరీ భద్రతకు మన దేశ ప్రమాణం) పరీక్ష పత్రం ఉందా అని అడగండి.

▪ ఎండలో నడిపి రాగానే ప్లగ్గు పెట్టకండి. బ్యాటరీ పెట్టె మీద అరచేయి ఆనించండి. చురుక్కుమంటే చల్లారేదాకా ఆగండి. మెట్ల కింద, గుమ్మం దగ్గర చార్జింగ్ అసలే వద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఈ-బైక్ షోరూమ్‌లో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మంది ప్రాణాలు పోయాయి. ఇంట్లోవాళ్లు బయటపడే దారిలో బండి ఉండకూడదు.

▪ బయలుదేరే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి, టైర్లలో గాలి చూడండి.

▪ చప్పుడు లేని బండి కాబట్టి సందు మలుపులో హారన్ కొట్టండి. పిల్లలకు మీరు వస్తున్నట్టే తెలియదు.