షార్ట్ ఫిల్మ్ షూటింగ్ రెండు రోజుల్లో ఎందుకు తెమలడం లేదు? ఏటిగట్టు మీద తీసేవారికి

రెండు రోజుల్లో ముగియాల్సిన షార్ట్ ఫిల్మ్ నాలుగో రోజుకూ తెమలడం లేదని కోనసీమ, నరసాపురం వైపు విద్యార్థులు ఫోన్ చేస్తూనే ఉంటారు. అందరినీ మొదట ఒకటే అడుగుతాను: లొకేషన్‌ను ఏ రోజు, ఏ వేళకు వెళ్లి చూశారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషమనీ, సన్నివేశాల వరుసలో కాకుండా లొకేషన్ల వారీగా తీయాలనీ మీకు తెలుసు. వాటి జోలికి పోను.

సమస్య: ఉదయం ఆరున్నరకే చేరుకున్నా మొదటి షాటు పదింటికి పడుతోంది.

ఏ షాటు ముందో అక్కడికి వెళ్లాక చర్చించుకుంటున్నారు, అంతే. మొదటి మూడు షాట్లకు కెమెరా ఎక్కడ పెట్టాలో ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకోండి. మొదటిది నటులతో పని లేనిదిగా ఉంచితే వారు తయారయ్యేలోపు అది అయిపోతుంది. గడియారం చూసే పని ఒకరికి అప్పగించండి, ఆ మనిషి దర్శకుడు మాత్రం కాకూడదు. నటన చూడడంలో మునిగినవారికి గంట గడిచిన సంగతి తెలియదు.

సమస్య: సాయంత్రం సన్నివేశం రోజూ మిగిలిపోతోంది.

సూర్యాస్తమయం క్యాలెండర్‌లో చూసుకున్నారు, కొబ్బరితోటలో చూసుకోలేదు. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు ఐదున్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. మట్టల కింద నాలుగున్నరకే ముఖాలు నల్లబడతాయి. తోటలో తీసేవి మధ్యాహ్నంలోపు ముగించి, పొలాలనూ గట్టునూ సాయంత్రానికి ఉంచండి.

సమస్య: ఏటి ఒడ్డు సన్నివేశం ఎన్నిసార్లు తీసినా కలవడం లేదు.

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. వైనతేయ పాయ చివర ఒక రేవును ఆదివారం ఉదయం ఏడింటికి చూసి వచ్చాం. నాలుగో మెట్టు దాకా నీరు, పక్కనే నిలకడగా తేలుతున్న నావ. వచ్చే ఆదివారం అదే ఏడింటికి కెమెరాతో వెళ్తే నావ బురదలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. కట్టిన తాడు బురద మీద వదులుగా పడి ఉంది. నీరు ఎక్కేసరికి ఒంటిగంట దాటింది, అప్పటికి ఎండ నడినెత్తిన ఉంది. అయినా తీశాం. ఎడిటింగ్‌లో చూస్తే అమ్మాయి నాలుగు మెట్లు దిగి నీటిని తాకుతుంది. మరుక్షణంలో అబ్బాయి వెనుక తొమ్మిది మెట్లు పొడిగా కనిపిస్తాయి. సన్నివేశమంతా మళ్లీ తీశాం.

ధవళేశ్వరం దిగువన, సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ గోదావరి పాయల్లో నీరు రోజుకు రెండుసార్లు ఎక్కి, రెండుసార్లు దిగుతుంది. ఎక్కడం పోటు, దిగడం పాటు. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. ఏడు రోజులకు అది దాదాపు ఆరు గంటలు. నిండు పోటు చూసిన వేళకే వారం తర్వాత వెళ్తే దొరికేది పాటు. ఒక ఆదివారం లొకేషన్ చూసి, మరుసటి ఆదివారం షూటింగ్ పెట్టుకోవడం మన విద్యార్థులందరి అలవాటు. ఏటి ఒడ్డుకు అంతకన్నా చెడ్డ ఎడం లేదు.

అందుకని వారాన్ని కాదు, తిథిని పట్టుకోండి. షూటింగ్ ఏకాదశి నాడైతే అంతకుముందు పక్షంలోని ఏకాదశి నాడు, అదే వేళకు వెళ్లి చూడండి. నీరు ఇంచుమించు అలాగే ఉంటుంది. రేవులో చేపల వేటకు వెళ్లేవారిని "రేపు పోటు ఎన్నింటికండీ" అని అడిగితే లెక్కతో పని లేకుండా చెబుతారు. ఎంచుకునే వీలుంటే అష్టమి, నవమి ప్రాంతంలో పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజులతో పోలిస్తే అప్పుడు నీటి మట్టంలో తేడా తక్కువ.

పోటు నిండాక నీరు కాసేపు పెద్దగా కదలదు. నీరు కనిపించే దూరపు షాట్లన్నీ ఆ వ్యవధిలోనే తీసేయండి. ముఖాల దగ్గరి షాట్లను తోట వైపు తిప్పి తర్వాత తీసుకోవచ్చు. ప్రతి షాటుకు ముందు పొడిగా ఉన్న మెట్లు లెక్కపెట్టి, ఫోన్‌లో ఫొటో తీయించండి. ఒకటి రెండు షాట్లు మిగిలితే మర్నాడు 50 నిమిషాలు ఆలస్యంగా వెళ్లండి. మూడో రోజు నీరు కలిసినా ఎండ కలవదు.

పంట కాలువల మీద తీసేవారికి ఈ బెడద లేదు. కానీ వేసవి సెలవుల్లో కాలువ కట్టేస్తారు, నీరుందో లేదో కనుక్కుని బయలుదేరండి.

మెమరీ కార్డు చెడిపోవడం, కెమెరా వేడెక్కి ఆగిపోవడం అరుదు. ఇంకో కార్డు జేబులో ఉంచుకోండి, చాలు. వరద రోజుల్లో మాత్రం పై లెక్కలేవీ పనికిరావు, ఏటి ఒడ్డు సన్నివేశాన్ని నీరు తీసేదాకా వాయిదా వేయండి.