హెడ్‌హంటర్స్‌ని విందాం – 4వ పాఠం: సమం ఎక్కడ?

ఈ వారం క్లావినెట్ అనే కరెంటు కీబోర్డు గురించి రాద్దామనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చదివి ‘కమీలియన్’కి తాళం వేయడానికి కూర్చున్నవాళ్లలో చాలామంది ఒకేచోట జారిపోయారు. తప్పు వాళ్లది కాదు, నాది. “బాస్ మొదలవగానే తాళం ఎత్తుకోండి” అని రాశాను. ఆ ఒక్క వాక్యం కొట్టేయండి. దాన్ని నమ్మి తాళం వేసిన ఒకరు “డ్రమ్స్ ఆలస్యంగా వచ్చాయేమో” అని అడిగారు. ఇంకొకరు పాట మధ్యలో తాళం మారుతోందని, అది ఏ తాళమో చెప్పమని అడిగారు. తాళం మారలేదు, డ్రమ్స్ వాయించే హార్వీ మేసన్ ఆలస్యంగా రాలేదు. మనమే తప్పు గడప మీద కాలు పెట్టాం. సమం, అంటే తాళం చుట్టులో మొదటి దెబ్బ, ఎక్కడుందో పట్టుకోలేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. మనం వింటున్నది 1973లో వచ్చిన ‘హెడ్ హంటర్స్’ అనే జాజ్ ఆల్బమ్. హెర్బీ హ్యాంకాక్ కీబోర్డులు, బెన్నీ మాపిన్ శాక్సఫోన్లూ బాస్ క్లారినెట్టూ, పాల్ జాక్సన్ బాస్ గిటారు, హార్వీ మేసన్ డ్రమ్స్, బిల్ సమర్స్ తాళవాద్యాలు. నాలుగే పాటలు, 42 నిమిషాల లోపు. ‘కమీలియన్’ వాటిలో మొదటిది. తిరుపతిలో చిత్తూరు బస్సెక్కి మొదలుపెడితే దిగేలోపు మొత్తం వినేసి, మొదటి పాట ఇంకోసారి కూడా వినొచ్చు. ఆది తాళం ఎలా వేయాలో మళ్లీ చెప్పను, అది అందరికీ వచ్చిందే.

అసలు విషయానికి వద్దాం.

పాట మొదట్లో బాస్, అంటే అడుగున నడిచే మంద్ర స్వరాల వరస, ఒక్కటే ఉంటుంది. అది పాల్ జాక్సన్ వాయించింది కాదు. హ్యాంకాక్ స్వయంగా ఆర్ప్ ఒడిస్సీ అనే సింథసైజర్ మీద వాయించాడు. ఆ బాస్‌లో మొదట వినబడే స్వరం సమం కాదు. రెండోదీ కాదు, మూడోదీ కాదు. నాలుగోది సమం. ముందు మూడు స్వరాలు ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తాయి, నాలుగోదాని మీద బరువంతా దిగుతుంది. మన స్వరాల్లో చెప్పాలంటే, దిగే స్వరాన్ని షడ్జం అనుకోండి. చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం, కాకలి నిషాదం, ఆపైన షడ్జం. ధ, ని, ని, స. రెండు నిషాదాలు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి దీన్ని ఏ రాగంలోనూ ఇరికించే ప్రయత్నం చేయకండి. ఇద్దరు ఆ పని చేశారు, చాలా సమయం పోయింది వాళ్లకి. ఇక్కడ రాగం పేరుతో పనిలేదు. పని ఉన్నది ఎక్కడ దిగుతున్నాడన్నదానితో.

దీన్నే మనవాళ్లు అతీత గ్రహం అంటారు. తాళం ఆవర్తనం (ఒక పూర్తి చుట్టు) మొదలవకముందే పాట ఎత్తుకోవడం. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది కొత్త కాదు. అయినా వాళ్లే ఎక్కువ పొరబడ్డారు. దానికి కారణం ఉంది. కచేరీలో గాయకుడి చెయ్యి తొడ మీద ఉంటుంది, మనకి తాళం కళ్లకి కనబడుతుంది. ఎత్తుగడ ముందున్నా వెనకున్నా చెయ్యి చూసి సర్దుకుంటాం. రికార్డులో చెయ్యి లేదు. మొదట వినబడినదాన్నే మనసు మొదలు అనుకుంటుంది.

నాకు కూడా ఇది పుస్తకం చదివి తెలియలేదు. మా బాబాయి గుడిలో డోలు వాయించి రిటైరయ్యాడు. ఒకరోజు మా మేడ మీద నేను కళ్లు మూసుకుని తాళం వేసుకుంటుంటే పక్కనే కూర్చుని విన్నాడు. ఈ బాండ్ పేరు కూడా ఆయనకి తెలీదు. నాలుగైదు ఆవర్తనాలు చూసి నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. “ఏమిరా, వాడు ఎత్తుకునేకాడ దెబ్బేస్తా ఉండావు? వాడు దిగేకాడ వెయ్” అన్నాడు. తర్వాత నా చెయ్యి వదలకుండా, ఆ మూడు స్వరాలూ పోయేదాకా గాలిలోనే ఆపి ఉంచి, నాలుగోదాని మీద నా తొడ మీదకి దించాడు. ఆ దెబ్బతో అన్నేళ్లుగా వింటున్న పాట ఒక్కసారిగా నిటారుగా నిలబడింది. అంతవరకు పక్కకి వాలిన గోడలా ఉండేది నాకు.

మీరూ అలాగే చేయండి. చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చోండి. ధ, ని, ని పోనివ్వండి. స మీద దించండి.

ఇప్పుడు ఇంకో సంగతి చూడండి, నాకు చాలా ఇష్టమైనది. షడ్జం మీద దిగాక బాస్ కాసేపు అక్కడే తిరిగి మళ్లీ మూడు మెట్లు ఎక్కుతుంది. ఈసారి చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం. రి, గ, గ. ఎక్కి శుద్ధ మధ్యమం మీద దిగుతుంది. దిగేది సరిగ్గా ఐదో అక్షరం (లెక్క) మీద, అంటే నాలుగు అక్షరాల లఘువు అయిపోయి, రెండేసి అక్షరాల ద్రుతాల్లో మొదటిదాని దెబ్బ పడేచోట. లఘువు మొత్తం షడ్జం ఇంట్లో, రెండు ద్రుతాలూ మధ్యమం ఇంట్లో. ఎనిమిది అక్షరాలకి ఒక చుట్టు పూర్తి. తరవాత మళ్లీ ధ, ని, ని. పాశ్చాత్య లెక్కలో అవి నాలుగేసి అక్షరాల రెండు బార్లు, మనకి ఒక ఆది తాళ ఆవర్తనం. ఇంత చక్కగా సరిపోతుంది కాబట్టే ఈ పాటతో మొదలుపెట్టించాను. షడ్జం దగ్గర అనుమానంగా ఉంటే మధ్యమం పట్టుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. మధ్యమం మీద దెబ్బ సరిగ్గా పడిందంటే అక్కడినుంచి నాలుగు లెక్కపెడితే సమం దానంతటదే వస్తుంది.

తప్పు ఎలా కనిపెట్టాలో కూడా చెబుతాను, ఎందుకంటే తప్పు తాళం కూడా కాసేపు బాగానే ఉన్నట్టుంటుంది. బాస్ ఒక్కటే ఉన్నంతసేపు ఏ స్వరం దగ్గర మొదలుపెట్టినా ఎనిమిదికి చుట్టు తిరుగుతుంది, ఎవరూ అడ్డు చెప్పరు. డ్రమ్స్ వచ్చాకే బయటపడుతుంది. అప్పుడు చాలామంది చేసే పని, తాళాన్ని కొంచెం జరిపి డ్రమ్స్‌కి అతికించుకోవడం. అలా అతికించుకుంటే ఆ చుట్టుకి సరిపోతుంది కానీ తరవాత శాక్సఫోన్ పల్లవి ఎత్తుకోగానే మళ్లీ జారుతుంది. అప్పుడు మళ్లీ జరుపుతారు. ఒకరు పాట పూర్తయ్యేసరికి నాలుగుసార్లు జరిపారట. జరపకండి. తాళం జారిందనిపిస్తే చెయ్యి ఆపేసి, పాట వెనక్కి తిప్పి, బాస్ ఒక్కటే ఉన్నచోటినుంచి మళ్లీ మొదలుపెట్టండి. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఒక్కసారి సరిగ్గా పడితే జన్మలో మళ్లీ జారదు.

ఫోన్ స్పీకర్‌లో వినేవాళ్లకి ఒక మాట. ఆ స్పీకర్ అంత కింది స్వరాలని పలికించలేదు. బాస్ వినబడుతోందని మీరనుకునేది దాని పైన పలికే సన్నని స్వరాలే. బరువు ఎక్కడ దిగుతోందో తెలియాలంటే బరువు వినబడాలి కదా. వైరున్న ఇయర్‌ఫోన్ మామూలుదైనా చాలు.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి వెళ్లినవాళ్లకి ఈ బరువు సంగతి వేరే చెప్పక్కర్లేదు. బైరాగి వేషం వేసుకున్న పిల్లవాడు ఒంటినిండా తెల్లటి పూతతో పంబ ముందు ఎగురుతుంటాడు. వాడి పాదాన్ని చూడండి. పంబ చప్పుళ్లన్నీ వాడి భుజాల్లోనూ మెడలోనూ ఉంటాయి, పాదం మాత్రం ఒక్క దెబ్బకే నేలని తాకుతుంది. ఎవరూ నేర్పలేదు వాడికి. ఫంక్ అనే, దరువు మీద నడిచే అమెరికా నల్లవారి సంగీతంలో గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన వాద్యగాళ్లకి పదేపదే చెప్పింది ఇదే: ‘ఒకటి’ మీద బరువు పెట్టండి. మధ్యలో ఎవరేం చేసినా పరవాలేదు, ఒకటి దగ్గర అందరూ కలవాలి. హ్యాంకాక్ ఆ పద్ధతిని జాజ్‌లోకి తెచ్చుకున్నాడు. మూడో పాటకి ‘స్లై’ అని పేరు పెట్టింది కూడా ఫంక్ వాద్యకారుడు స్లై స్టోన్ మీద గౌరవంతోనే. ఆ పాటలో వేగం మారుతుంది కాబట్టి పాఠాల్లో దాన్ని నేను పక్కన పెడతాను. మీరు ఊరికే వినండి.

ఇప్పుడు ‘వాటర్‌మెలన్ మ్యాన్’. ఇది 1962లో హ్యాంకాక్ మొదటి ఆల్బమ్ ‘టేకిన్ ఆఫ్’లో వచ్చిన పాటే. షికాగోలో చిన్నప్పుడు పుచ్చకాయలు అమ్మేవాడి బండి చక్రాల చప్పుడు గుర్తుపెట్టుకుని కట్టాడు. 11 ఏళ్ల తర్వాత దాన్ని పూర్తిగా విప్పి మళ్లీ కుట్టాడు. మొదట్లో వినబడేది ఫ్లూటు కాదు. బిల్ సమర్స్ బీరు సీసాలోకి ఊదుతున్నాడు. మధ్య ఆఫ్రికా అడవుల్లో ఒకే స్వరం పలికే చిన్న ఈలనీ గొంతునీ మార్చి మార్చి పలికించే పద్ధతి ఉంది, దాన్ని హిండెవూ అంటారు. సమర్స్ సీసాతో దాన్నే చేశాడు. ఒక పొర మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. అక్కడ తాళం వేయకండి. నిజంగా చెబుతున్నాను, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. బాస్ వచ్చేదాకా ఆగి, బాస్ మీద దించండి. ‘కమీలియన్’లో తొందరపడి చేసిన తప్పే ఇక్కడ చేయడానికి ఇంకా ఎక్కువ అవకాశం ఉంది, ఎందుకంటే ఆ ఈలల్లో ప్రతి పొరా తనే మొదలన్నట్టు వినబడుతుంది.

నాలుగో పాట ‘వీన్ మెల్టర్’ గురించి ఒక్క మాటే. నెమ్మదిగా నడుస్తుంది, బెన్నీ మాపిన్ బాస్ క్లారినెట్ వింటుంటే రాత్రి పదింటికి కపిలతీర్థం దగ్గర జనం పలచబడ్డాక ఉండే నిశ్శబ్దం గుర్తొస్తుంది నాకు. దీనికి తాళం వేయమని ఎవరినీ అడగను.

కచేరీ రికార్డు ఏదైనా చెప్పమని అడిగారు. ‘ఫ్లడ్’ వినండి. 1975లో జపాన్‌లో వాయించినది. అప్పటికి డ్రమ్స్ మీద మేసన్ లేడు, మైక్ క్లార్క్ ఉన్నాడు. 1974లో వచ్చిన ‘థ్రస్ట్’ ఆల్బమ్ నుంచీ ఆయనే. బాస్ గిటారు కాకుండా మామూలు గిటారు కూడా చేరింది. మనం వింటున్న ‘హెడ్ హంటర్స్’లో మామూలు గిటారు వాయించేవాడే లేడు, ఆ పని క్లావినెట్ చేసింది. దాని గురించే ఈ వారం రాయాల్సింది. ‘ఫ్లడ్’ మొదట్లో హ్యాంకాక్ ఒక్కడే మామూలు పియానో మీద ‘మెయిడెన్ వాయేజ్’ ఎత్తుకుంటాడు, 1965 నాటి తన పాట. కరెంటు వాద్యాలన్నీ పక్కన ఉంచుకుని మొదట చెక్క పియానో దగ్గర కూర్చున్నాడు. కచేరీకి ముందు వర్ణం పాడి గొంతు తెరుచుకున్నట్టు ఉంటుంది. తర్వాత ‘యాక్చువల్ ప్రూఫ్’లోకి వెళ్లాక మైక్ క్లార్క్ చేసేది వినండి. మేసన్ ఒకటి ఎక్కడుందో చూపిస్తాడు. క్లార్క్ ఒకటి ఎక్కడుందో తెలిసి దాని చుట్టూ తిరుగుతాడు, చాలాసార్లు దాన్ని తాకడు. ‘కమీలియన్’లో తాళం నిలబడకుండా దీన్ని మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఇంకో నెల ఆగండి.

అభ్యాసం:

‘కమీలియన్’ మొత్తం 15 నిమిషాలకి పైనే ఉంది. ఏడో నిమిషం దాటాక బాస్ నడక మారిపోతుంది. అక్కడిదాకా ఆపకుండా ఆది తాళం వేయండి. మొదటి మూడు రోజులు తాళం ఒక్కటే. నాలుగో రోజునుంచి తాళం వేస్తూ బాస్‌ని నోటితో అనండి: ధనినిస, రిగగమ. ఒడిస్సీ మీద హ్యాంకాక్ సోలో వచ్చినప్పుడు స్వరాలని వంచుతాడు, మన గమకంలా సాగదీస్తాడు. ఆ సమయంలో మీ నోరు బాస్ వదిలేసి ఆయన వెంట పోతుంది. అందరికీ పోతుంది. పోయిన చోటు గుర్తుపెట్టుకుని, పాట మొదటికి వచ్చి మళ్లీ చేయండి. వారం రోజుల్లో ఒక్కసారైనా చెయ్యి, నోరు రెండూ జారకుండా ఏడు నిమిషాలు పూర్తి చేసినవాళ్లే తరవాతి పాఠానికి రండి. మిగతావాళ్లు ఇక్కడే ఉండండి, తొందరేమీ లేదు.

ఎడమచేతి వాటం వాళ్లు ఎడమచేత్తోనే వేయొచ్చు. ఇద్దరు అడిగారు.