చియాంగ్ మాయిలో వంట క్లాసు – నాలుగో పాఠం: కొబ్బరిపాలలో నూనె తేలడం

గ్రీన్ కర్రీ (పచ్చిమిర్చి, కొబ్బరిపాలతో చేసే థాయి కూర) ముద్ద నూరడం గురించిన గత పాఠం చదివి, థాయిలాండ్‌లోని చియాంగ్ మాయి నగరంలో క్లాసు ముగించుకుని వచ్చి ఇంట్లో వండి చూసినవారు ఎక్కువమంది ఒకే ఇబ్బంది రాశారు. ముద్ద చక్కగా కుదిరినా, కూర పచ్చివాసన వేస్తూ పల్చగా మిగిలిపోయిందట. కాబట్టి ఈసారి చెప్పాలనుకున్న సంత పాఠాన్ని పక్కనపెట్టి, ఈ లోపాన్నే సరిచేద్దాం. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, కొత్తిమీర వేర్లు నూరే క్రమాన్ని మళ్లీ చెప్పను.

లోపం ముద్దలో లేదు, పాలలో ఉంది. చాలా క్లాసుల్లో సరుకులన్నీ ముందే కొలిచి పళ్లెంలో పెట్టి ఇస్తారు గనుక, చిక్కటి పాలు ముందు, పల్చటి పాలు తరువాత పోయిస్తున్నారన్న సంగతి మన దృష్టికి రాదు. చివర చేతికిచ్చే కాగితంలో కొబ్బరిపాలు ఒక కప్పు అని మాత్రమే ఉంటే, ఇంటికి వచ్చి కప్పు పాలూ ఒకేసారి పోసి, అందులో ముద్ద కలిపి ఉడికిస్తాము. ఉడికిన ముద్ద వేరు, వేగిన ముద్ద వేరు. వెల్లుల్లి, ఉల్లి, రొయ్యల ముద్ద నూనెలో వేగితే తప్ప వాటి పచ్చిదనం పోదు, ఆ నూనె కొబ్బరిపాలలోనుంచే రావాలి.

అందుకని చిక్కటి పాలను మాత్రమే మూకుడులో పోసి, మధ్యస్థమైన మంటమీద కలుపుతూ మరిగించాలి. నీరు ఇగిరేకొద్దీ పెద్ద బుడగలు చిన్నవై, చిటపట శబ్దం మొదలై, పాలు గింజలు గింజలుగా విడిపోతాయి. అంచుల వెంట తేటగా నూనె కనబడుతుంది. థాయి వంటవారు తేక్ మన్ (నూనె విడిపోవడం) అనేది ఈ దశనే, దాన్ని చూపించమని క్లాసులో అడగండి. పాలు విరిగాయని భయపడి మంట తీసేయకండి. ముద్ద వేయవలసింది అప్పుడే. అది వేగి వాసన మారాకనే కూరముక్కలు, వాటి వెనుక పల్చటి పాలు వేయాలి.

డబ్బా పాలతో ప్రయత్నించి విసిగినవారు ముందు డబ్బామీది వివరాలు చదవాలి. పాలు విడిపోకుండా గ్వార్ గమ్ (గోరుచిక్కుడు గింజల జిగురు) వంటివి కలిపి ఉంటే ఎంత మరిగించినా నూనె తేలడం కష్టం. అటువంటప్పుడు చెంచాడు కొబ్బరినూనె ముందుగా వేసుకోవచ్చు. నేనైతే కొబ్బరి తురిమి పాలు తీయడాన్నే ఇష్టపడతాను. మిక్సీలో ముద్ద తిరగకపోతే నీళ్లు పోయవద్దు, చిక్కటి పాలే చెంచాడు వేయండి. కొబ్బరిపాలు, దుంపరాష్ట్రంతో చేసే టోమ్ ఖా సూప్‌కు ఈ పద్ధతి వర్తించదు, అక్కడ పాలు విరగకుండా సన్నని సెగమీదే ఉండాలి.

శాకాహారులు రొయ్యల ముద్ద, చేపల సాస్ వద్దని క్లాసు బుక్ చేసుకునేటప్పుడే పేరుపేరునా చెప్పాలి.

సాధన: ముద్ద జోలికి పోకుండా, మూడు కొబ్బరికాయల చిక్కటి పాలను విడివిడిగా తీసి, ఒక్కొక్కదాన్ని ఒక్కో మంటమీద నూనె తేలేదాకా కాచండి. పట్టిన సమయం, శబ్దం మారిన క్షణం రాసి పెట్టుకోండి. మూడింటిలోనూ నూనె తేలాకే కూర మొదలుపెట్టండి.