తోటకి ట్రైల్ కెమెరా: ఏది కొనాలి, ఫొటోలు అక్కడికక్కడే ఎలా చూడాలి

కనకపుర రోడ్డు మీదో, ఆనేకల్, బన్నేరుఘట్ట వైపో తోట ఉండి, బెంగళూరు నుంచి వారానికోసారి వెళ్లొచ్చే మనవాళ్లందరిదీ ఒకే ప్రశ్న: రాత్రి చేలో పడింది అడవిపందా, ముళ్లపందా, చిరుతా? ఆ సంగతి తేల్చేది ట్రైల్ కెమెరా, అంటే చెట్టుకి కట్టి వదిలేస్తే జంతువు కదలగానే దానంతటదే ఫొటో తీసేది. కొనేటప్పుడు మాత్రం చాలామంది ముందుగా మెగాపిక్సెళ్లు చూస్తారు. నిజానికి అవి ఆఖరున చూడాల్సినవి. చవక మోడళ్ల డబ్బా మీద ఉండే 36, 48 అనే అంకెలు సాఫ్ట్‌వేర్ సాగదీసినవే, సెన్సర్ అసలు సామర్థ్యం అందులో చిన్న వంతు.

మొదట చూడాల్సింది ట్రిగ్గర్ వేగం. జంతువు కదలిక పసిగట్టాక ఫొటో తీయడానికి అర సెకను మించి పట్టకూడదు. సెకను దాటితే కాలిబాటలో నడిచే జంతువుకి తోక మాత్రమే పడుతుంది. తర్వాత ఫ్లాష్. 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ దూరం పోతుంది, కానీ వెలిగినప్పుడు ఎర్రటి చుక్కలు కంటికి కనిపిస్తాయి. 940 అయితే కనిపించదు, దూరం కాస్త తగ్గుతుంది. మనుషులు తిరిగే చోట 940యే మేలు. చీకట్లో ఎర్రగా వెలిగే కెమెరా తెల్లారేసరికి చెట్టుకి ఉండకపోవచ్చు.

ఇక ఫొటోలు ఎలా చూస్తారన్నది కొనకముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ధరలో తేడా అక్కడే వస్తుంది. సిమ్ వేసే 4జీ కెమెరా ఫొటోని నేరుగా ఫోన్‌కి పంపుతుంది. విదేశం నుంచి తెప్పిస్తుంటే బ్యాండ్లు, అంటే అది ఏ ఏ 4జీ ఫ్రీక్వెన్సీలని పట్టుకుంటుందో, చూడండి. మన దగ్గర 3, 5, 8, 40 వంటివి నడుస్తాయి, అమెరికా మోడళ్లలో ఇవి ఉండకపోవచ్చు. జియోకి 3జీ లేనేలేదు, కాబట్టి పాత 3జీ సరుకు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. తోటలో కెమెరా కట్టబోయే చెట్టు దగ్గరే ఏ సిమ్‌కి సిగ్నల్ ఉందో ఫోన్‌తో చూసుకున్నాకే డబ్బు పెట్టండి.

వైఫై కెమెరా వేరు. దాని హాట్‌స్పాట్ పది పదిహేను మీటర్లే అందుతుంది, చెట్టు దాకా వెళ్లాల్సిందే. కనెక్ట్ కాగానే ఫోన్ ‘ఇంటర్నెట్ లేదు’ అంటూ మొబైల్ డేటాకి మారిపోతుంది, యాప్ ఖాళీగా కనిపిస్తుంది. మొబైల్ డేటా ఆపి, ఫోన్‌ని కెమెరా వైఫైకి మళ్లీ కలపండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

వారానికోసారి వెళ్లేవాళ్లకి అన్నిటికన్నా నమ్మకమైనది మామూలు కెమెరా, రెండు ఎస్‌డీ కార్డులు, ఎస్పీ రోడ్డులో ఏ షాపులోనైనా దొరికే టైప్-సీ కార్డ్ రీడర్. ముందు కెమెరా ఆఫ్ చెయ్యాలి. ఆన్‌లో ఉండగా కార్డు లాగితే ఫైళ్లు చెడిపోవచ్చు. పాత కార్డు తీసి, ఖాళీది పెట్టి, ఆన్ చేసి, తీసినదాన్ని నీడలో కూర్చుని రీడర్‌లో పెట్టి చూసుకోండి. ఫోన్ రీడర్‌ని గుర్తించకపోతే సెట్టింగ్స్‌లో ఓటీజీ (బయటి పరికరాలని ఫోన్‌కి కలిపే సదుపాయం) ఆన్ చెయ్యండి. కొన్ని ఫోన్లలో కాసేపు వాడకపోతే అది దానంతటదే ఆగిపోతుంది. గ్యాలరీలో ఫొటోలు రాకపోతే ఫైల్ మేనేజర్‌లో డీసీఐఎం ఫోల్డర్ తెరవండి. కావలసినవి ఫోన్‌లోకి కాపీ చేసుకోండి గానీ కార్డులో ఏదీ తుడవొద్దు. ‘ఫార్మాట్ చెయ్యమంటారా’ అని ఫోన్ అడిగితే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే, అదీ ఫొటోలు కాపీ అయ్యాకే. కార్డు 32 జీబీ, క్లాస్ 10 చాలు. 64 జీబీవి ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్‌లో వస్తాయి, కొన్ని కెమెరాలూ పాత ఫోన్లూ వాటిని చదవవు. అడాప్టర్‌లో పెట్టిన మైక్రో కార్డు కన్నా పూర్తి సైజు కార్డు నయం, కాంటాక్టులు వదులు కావు.

కట్టేది మోకాలెత్తున, అంటే 40–50 సెంటీమీటర్లు. బాటకి మూడు నాలుగు మీటర్ల దూరం, బాటకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా. ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి, తూర్పు పడమరలైతే ఎండ లెన్సులో కొడుతుంది. ముందున్న గడ్డీ లంటానా కొమ్మలూ కొట్టెయ్యండి. లేకపోతే ఎండకి కాగిన ఆకు గాలికి ఊగినప్పుడల్లా ఒక ఫొటో, కార్డంతా ఆకులే. తేదీ, 24 గంటల టైము సరిచేసి, కెమెరా ముందు ఒకసారి వంగి నడిచి, ఆ ఫొటో పడిందో లేదో రీడర్‌లో చూసుకునే బయల్దేరండి.

ఏప్రిల్ మధ్యాహ్నాల్లో జంతువు పక్కనుంచే పోయినా పట్టకపోతే కెమెరా చెడిందనుకోవద్దు. సెన్సర్ చూసేది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాని. అది తగ్గితే సెన్సర్‌కి జంతువు ఆనదు. రాత్రి ఫొటోలు మాత్రమే మసకబారుతుంటే బ్యాటరీలు దిగిపోయాయని. అన్నీ ఒకేసారి మార్చాలి, పాతా కొత్తా కలపకూడదు. రాత్రి ఫొటోలు తెల్లగా పాలిపోతే లెన్సు ముందు సాలెగూడు ఉందేమో చూడండి. చీమలు లోపల గూడు పెట్టడం ఇక్కడ మామూలే. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు వాషర్ తుడిచి, లోపల ఒక సిలికా జెల్ పొట్లం పడెయ్యండి, వానాకాలంలో లెన్సుకి ఆవిరి పట్టకుండా కూడా పనికొస్తుంది.

కంచె దాటి అటవీ భూమిలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా కట్టకూడదు. బన్నేరుఘట్ట నేషనల్ పార్కు కాబట్టి అక్కడ 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. మీ సొంత గట్టు మీదైనా ఊరివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నడిచే దారి ఫ్రేములో పడకుండా తిప్పి కట్టండి, పక్కన కన్నడలో ‘కెమెరా ఉంది’ అని ఒక బోర్డు పెట్టండి. చిరుత పడితే ఫొటో, చోటు, టైము అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ఇవ్వండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి.