ఈ ఏడాది ఉత్తమం ఏది, చెత్త ఏది: పది మంది కూర్చుని తేల్చుకునే పద్ధతి

ఏడాది చివర్లో పది మంది సినిమా పిచ్చోళ్లు ఒకచోట చేరారంటే మొదటి గంట గొడవ సినిమాల మీద ఉండదు. "అది పోయినేడాదిది రా", "డబ్బింగ్ బొమ్మని ఎలా కలుపుతావ్", "నువ్వు ఫోన్లో చూసి మాట్లాడుతున్నావ్, థియేటర్లో చూసి మాట్లాడు". అసలు సినిమా దగ్గరికి వచ్చేసరికి బిర్యానీ వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎవడి గొంతు పెద్దదైతే వాడి హీరోదే ఉత్తమ చిత్రం. ఇది జరగకూడదనుకుంటే రెండు పనులు ముందే అయిపోవాలి: లిస్టులో ఏవి ఉంటాయో, ఓట్లు ఎలా లెక్కపెడతారో. ఈ రెండూ కాగితం మీదికి ఎక్కాక ఎంత కొట్టుకున్నా ఫర్వాలేదు.

ముందు తారీఖు సంగతి. జాతీయ అవార్డులకి సెన్సార్ సర్టిఫికెట్ తేదీ లెక్క. మనకి ఆ బాధ అక్కర్లేదు. ఇండియాలో జనం టికెట్ కొనుక్కుని చూసిన మొదటి అధికారిక రిలీజ్ తేదీ చాలు. ప్రీమియర్లని లెక్కలోకి తీసుకోవద్దు. అమెరికాలో మన సినిమాలు ఒకరోజు ముందే పడతాయి, ఇక్కడా పెద్ద సినిమాలకి ముందురోజు రాత్రే షోలు వేస్తున్నారు. 'పుష్ప 2' తేదీ 2024 డిసెంబర్ 5, కానీ 4వ తేదీ రాత్రే చూసినవాళ్లు బోలెడు మంది. అక్కడ ఒకరోజు తేడాతో పోయేదేం లేదు. జనవరి 1న వచ్చే సినిమాకి మాత్రం డల్లాస్‌లో ఉన్న స్నేహితుడు 31నే చూసేసి పోయినేడాది లిస్టులో వేస్తానంటాడు. ఒప్పుకోవద్దు.

డబ్బింగ్ సినిమాలకి విడి పట్టిక పెట్టడం మేలు. అందులో తెలుగు వెర్షన్ వచ్చిన తేదీనే చూడాలి. 'కాంతార' కన్నడంలో 2022 సెప్టెంబర్ 30న, తెలుగులో అక్టోబర్ 15న వచ్చింది కాబట్టి ఏడాది మారలేదు. 'మార్కో' మలయాళంలో 2024 డిసెంబర్ 20న వచ్చి, తెలుగులో 2025 జనవరి 1న పడింది. మలయాళంలోనే చూసేశామన్నా సరే, తెలుగు డబ్బింగ్ పట్టికలో అది 2025 సినిమానే. హీరో వేరే రాష్ట్రం వాడైనంత మాత్రాన డబ్బింగ్ అయిపోదు. 'సీతారామం', 'లక్కీ భాస్కర్' రెండూ స్ట్రెయిట్ తెలుగు సినిమాలే, అంటే నేరుగా తెలుగులో తీసినవే, మలయాళ నటుడు దుల్కర్ సల్మాన్ హీరో అయినా. ఈ ఒక్క వాదనకి ప్రతి బృందంలోనూ పావుగంట పోతుంది, ముందే రాసి పెట్టుకోండి.

నేరుగా ఓటీటీలో వచ్చినవి కలపాల్సిందే. 2020 అక్టోబర్‌లో 'కలర్ ఫోటో' ఆహాలోనే వచ్చింది, జాతీయ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రం అదే. థియేటర్ పడలేదని తీసేస్తే లిస్టుకే లోటు. వెబ్ సిరీస్‌లు మాత్రం వద్దు. 4కెలో వచ్చే రీరిలీజ్‌లూ వద్దు. ఇక 2025 అక్టోబర్ 31న 'బాహుబలి' రెండు భాగాలూ కలిపి ఒక్క సినిమాగా వదిలారు చూడండి, అలాంటివి ఎడిటింగ్ గురించి మాట్లాడుకోవడానికి బాగుంటాయి గానీ పోటీలోకి రానివ్వకండి. పదేళ్ల నాటి సినిమాకి ఈ ఏడాది సినిమాతో పోటీ ఏంటి?

ఇప్పుడు లిస్టు. ఏడాదిలో వచ్చే స్ట్రెయిట్ తెలుగు సినిమాలు వందకి బాగా పైనే ఉంటాయి. అన్నీ ఎవరూ చూడరు. గుర్తున్నవి చెప్పండంటే అక్టోబర్ నుంచి వచ్చినవే చెప్తారు, పాపం ఫిబ్రవరి, జూన్ సినిమాలు గాల్లో కలిసిపోతాయి. అందుకని నెలలవారీగా పట్టిక వేసి, ప్రతి సినిమా ఎదురుగా ఒక్కొక్కరి పేరు కింద గుర్తు పెట్టించండి: థియేటర్లో చూస్తే 'థి', ఓటీటీలో అయితే 'ఓ', మధ్యలో ఆపేస్తే 'స'. 'స' ఉన్నవాళ్లు ఆ సినిమాకి మార్కు వేయకూడదు, మంచికైనా చెడుకైనా. కనీసం ముగ్గురైనా పూర్తిగా చూడని సినిమాని కొట్టేయకుండా పక్కన రాసి, చర్చకి రెండు వారాల ముందు అందరికీ పంపండి. చిన్న సినిమాలకి రెండో అవకాశం అదొక్కటే. డిసెంబర్ 31న చర్చ పెడితే క్రిస్మస్ వారం సినిమాలు సగం మంది చూసి ఉండరు. జనవరి మొదటి ఆదివారం పెట్టుకోండి. సంక్రాంతి బొమ్మలు ఇంకా పడవు, బుర్ర ఖాళీగా ఉంటుంది.

ఓటీటీలో చూసినవాళ్లు ఏ వెర్షన్ చూశారో కూడా అడగాలి. ఒకదానికి రిలీజైన మూడో రోజు పదిహేను నిమిషాలు ట్రిమ్ చేస్తారు, ఇంకోదానికి నెల తర్వాత సీన్లు కలుపుతారు. 'పుష్ప 2'కి 2025 జనవరిలో ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ వదిలారు. "సెకండాఫ్ సాగింది", "ఎక్కడ సాగింది?" అని ఇద్దరు అరుచుకుంటున్నప్పుడు వాళ్లు చూసినవి నిజంగానే రెండు వేర్వేరు నిడివులై ఉండొచ్చు.

లెక్క ఎలా వేయాలి

మార్కులు పదికి వేయించండి. ఐదుకి వేయిస్తే అందరూ రివ్యూల అలవాటుకొద్దీ 2.75కీ 3.25కీ మధ్య ఇరుక్కుంటారు, ఏం తేలదు. అంకెలకి అర్థం కూడా ముందే చెప్పాలి: 8 అంటే డబ్బులిచ్చి మళ్లీ చూస్తా. 6 అంటే బాగుంది, ఒక్కసారికి చాలు. 5 అంటే టికెట్ డబ్బులకి ఏడుపు లేదు. 3 అంటే మధ్యలో ఫోన్ తీశా. 1 అంటే లేచి వెళ్లిపోయేవాణ్ణే, బండి కీస్ పక్కోడి దగ్గరున్నాయి.

సగటు తీయడంలో ఒక చిక్కుంది. పన్నెండు మందిలో ఒక్కడే చూసి 10 వేసిన సినిమా సగటు 10. ఐదుగురు చూసి మొత్తం 43 వేసిన దాని సగటు 8.6. పన్నెండు మందీ చూసి 90 వేసిన దాని సగటు 7.5. ఒక్కడి సినిమాని ఉత్తమం అనలేం. పోనీ మొత్తం మార్కులు చూద్దామంటే అందరూ చూసిన పెద్ద సినిమాయే ఎప్పుడూ గెలుస్తుంది. దీనికి మందు: ప్రతి సినిమాకీ ముగ్గురు ఊహా ప్రేక్షకుల్ని కలపండి. ఆ ముగ్గురూ, బృందం అన్ని సినిమాలకీ కలిపి వేసిన మార్కుల సగటే వేశారనుకోండి. ఆ సగటు 6 అయితే ముగ్గురివీ కలిపి 18. అప్పుడు ఒక్కడి సినిమా 28ని నాలుగుతో భాగిస్తే 7. ఐదుగురు చూసినది 61ని ఎనిమిదితో భాగిస్తే 7.63. అందరూ చూసినది 108ని పదిహేనుతో భాగిస్తే 7.2. ఐదుగురికి బాగా నచ్చిన చిన్న సినిమా పైకొచ్చింది, ఒక్కడి పిచ్చి కిందికి దిగింది. ఇలా పైనుంచి ఎనిమిది సినిమాలు తీయండి. మార్కుల పని అక్కడితో అయిపోయింది.

ఫైనల్‌కి మార్కులు వాడొద్దు. ఎందుకంటే అభిమాని తన హీరోకి 10, ఎదుటి హీరోకి 0 వేస్తాడు, సగటు సర్వనాశనం. మనిషికొక ఓటు పద్ధతీ వద్దు. పన్నెండు మందిలో ఐదుగురు ఒకే హీరో ఫ్యాన్స్ అనుకోండి. వాళ్ల సినిమా 'క'. మిగతా ఏడుగురికీ 'క' అంటే పడదు, కానీ నలుగురు 'చ' అంటారు, ముగ్గురు 'ట' అంటారు. ఒక్క ఓటు పెడితే 'క' 5, 'చ' 4, 'ట' 3. ఏడుగురు వద్దన్న సినిమా ఉత్తమ చిత్రం! బదులుగా వరస రాయించండి: మొదటి స్థానానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1. ఫ్యాన్స్ ఐదుగురూ క, చ, ట అని, నలుగురు చ, ట, క అని, ముగ్గురు ట, చ, క అని రాశారనుకుంటే, 'చ'కి 28, 'క'కి 22, 'ట'కి 22. తేలింది. ఎనిమిది సినిమాలుంటే పైదానికి 8 నుంచి దిగుతూ రండి, పద్ధతి అదే.

దీన్లోనూ కుట్రకి చోటుంది. ఫ్యాన్స్ ఐదుగురూ గట్టి పోటీ ఇచ్చే 'చ'ని కావాలని అట్టడుగున తోసి క, ట, చ అని రాస్తే 'చ' 23కి పడిపోతుంది. కానీ 'క' 22 దగ్గరే ఉంటుంది, 'ట' 27తో గెలుస్తుంది. వాళ్లకి అన్నిటికంటే నచ్చనిదాన్ని వాళ్లే గెలిపించినట్టు. ఈ లెక్క ఓటింగ్‌కి ముందే బోర్డు మీద వేసి చూపిస్తే తెలివి మీరినవాళ్లు కాస్త తగ్గుతారు. టై అయితే ఆ రెండిటిలో ఏది పైన అని చేతులెత్తించండి. అదీ సమానమైతే రెండిటికీ ఇచ్చేయండి, నంది అవార్డుల్లో బంగారు, వెండి, కాంస్యం అని మూడు ఉండేవి, మనకి రెండు ఉంటే తప్పేం లేదు.

చర్చ రోజు

వచ్చీ రాగానే, ఎవరూ నోరు విప్పకముందే, చీటీల మీద వరస రాయించి ఒక డబ్బాలో వేయించండి. తర్వాత చర్చ. అయ్యాక మళ్లీ చీటీలు. ఫలితం రెండో చీటీదే. మొదటిది ఎందుకంటే, మాటలవల్ల ఏ సినిమా ఎన్ని మెట్లు ఎక్కిందో దిగిందో తెలియడానికి. ఆ రోజు మొత్తంలో రుచి ఉన్న భాగం అదే.

ఒక్కో సినిమాకి ఆరు నిమిషాలు: రెండు అనుకూలంగా, రెండు వ్యతిరేకంగా, రెండు మిగతావాళ్లకి. ఎనిమిది సినిమాలకి 48 నిమిషాలు. ఫోన్లో టైమర్ పెట్టి ఆ ఫోన్ ఏ హీరో గోలా లేని మనిషి చేతికివ్వండి. అనుకూలంగా మాట్లాడే పని ఆ హీరో వీరాభిమానికి ఇవ్వొద్దు. వాడికి పక్క సినిమాని సమర్థించే పని ఇవ్వండి, చూడండి తమాషా. మందు పార్టీ ఉంటే రెండో చీటీ పడ్డాకే మూత తీయాలి.

ఒకే ఒక్క నిబంధన గట్టిగా పట్టుకోండి: సీను చెప్పకుండా తీర్పు చెప్పకూడదు. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్" అంటే అక్కడే ఆపండి. ఎక్కడ మొదలైంది ల్యాగ్? సాధారణంగా రెండు మూడు ప్రశ్నల్లో అసలు సంగతి బయటపడుతుంది. "ఇంటర్వెల్‌లో విలన్ ఎవరో మనకి చూపించేశారు. హీరోకి మాత్రం ఇంకో నలభై నిమిషాల దాకా తెలీదు. ఆ నలభై నిమిషాలూ వాడు వెతుకుతుంటే మనం వాచీ చూసుకుంటున్నాం." ఇదీ విమర్శంటే. దీనికి ఎదుటివాడు "తెలీకపోవడంలోనే కదా టెన్షన్, తల్లి వాడికి అన్నం పెట్టే సీనులో ఒళ్లు జలదరించలేదా" అని జవాబివ్వగలడు. "ల్యాగ్"కి "లేదు" తప్ప జవాబు లేదు. అలాగే "బీజీఎం (నేపథ్య సంగీతం) అదిరింది" అంటే ఏ సీన్లో, డైలాగ్ వినపడిందా లేదా అని అడగండి. "లాజిక్ లేదు" అన్నవాణ్ణి, మీకు నచ్చిన ఫైట్లో ఉందా అని అడగండి.

కలెక్షన్ల మాట వస్తే దానికి చివర్లో పది నిమిషాలు విడిగా ఇచ్చేయండి. మధ్యలో వస్తే చర్చ అటే కొట్టుకుపోతుంది. ఒకడు గ్రాస్ చెప్తాడు, ఇంకొకడు షేర్ చెప్తాడు, ఇద్దరూ ఒకే మాట అనుకుంటారు. మల్టీప్లెక్స్‌లో 295 రూపాయల టికెట్ తీసుకోండి. అందులో 250 టికెట్ ధర, 45 జీఎస్టీ. గ్రాస్‌లో మొత్తం 295 పడుతుంది, నెట్‌లో 250. అందులోంచి థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. సినిమా హిట్టో ఫట్టో తేలేది ఆ షేర్‌ని నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అంటూ ఏరియాలవారీగా కొన్న రేటుతో పోల్చినప్పుడు. పోస్టర్ మీద వేసేది గ్రాస్. వంద కోట్ల పోస్టర్ పడిన సినిమాకి బయ్యర్లు మునిగారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

చెత్త సినిమాలకి వేరే నియమాలు

ఉత్తమాల లిస్టుని తిరగేస్తే చెత్త లిస్టు రాదు. అడుగున పడేవి ఎవరూ పట్టించుకోని పాతిక లక్షల బడ్జెట్ సినిమాలు, వాటిని తన్ని ఏం లాభం? కనీసం నలుగురు ఆఖరిదాకా చూసిన సినిమా అయితేనే నామినేషన్ వేయించండి.

దీన్ని రెండు ముక్కలు చేయాలి: చెత్త వేరు, నిరాశ వేరు. నిరాశని కొలవడానికి తేలికైన మార్గముంది. సినిమా రిలీజ్‌కి ముందే ప్రతి ఒక్కరూ పదికి ఎంత ఆశిస్తున్నారో ఒక అంకె రాసి పెట్టాలి. 9 ఆశించి 5 వేస్తే నిరాశ 4. మూడు ఆశించి 2 వేస్తే నిరాశ ఒకటే. మార్కుల ప్రకారం రెండోదే అధ్వాన్నం, కానీ కడుపు మండించింది మొదటిది. ముందు రాయించకపోతే, ఫ్లాపైన తర్వాత ప్రతివాడూ "నేను ముందే అనుకున్నా" అంటాడు.

తిట్టేటప్పుడు తిట్టు పని మీద ఉండాలి, మొహం మీదో ఇంటిపేరు మీదో కాదు. చిన్నపిల్లల్ని అసలు ముట్టుకోవద్దు. అమెరికాలో ఏటా చెత్త సినిమాలకి గోల్డెన్ రాస్‌బెరీలు ఇచ్చేవాళ్లు 2023లో పన్నెండేళ్ల అమ్మాయిని నామినేట్ చేసి, జనంతో చీవాట్లు తిని, పేరు వెనక్కి తీసుకున్నారు. పద్దెనిమిది నిండనివాళ్లని ఇక చేర్చబోమని అప్పుడే నియమం పెట్టుకున్నారు.

చీటీలు పారేయకుండా ఒక కవర్లో పెట్టి, పట్టిక ఫోటో తీసి బృందంలో అందరికీ పంపండి. లేచి వెళ్లేముందే సంక్రాంతికి వస్తున్న సినిమాలకి ఆశల అంకె రాయించుకోండి. తర్వాత ట్రైలర్ చూసి తగ్గించుకుంటామంటే కుదరదని అప్పుడే చెప్పేయాలి.